తాండూరు అడవిలో దొరల షికారు



ఆదివారం సాయంత్రం పిల్లలకి తలలు దువ్వి, మొహానికింత పౌడరు రాసి, "పదండి, అలా షికారు వెళ్ళొద్దాం" అంటాం. ట్యాంక్‌బండ్ మీదికో, పార్కుకో, ఏదీ కుదరకపోతే సందు చివర ఐస్‌క్రీం బండి దాకానో వెళ్ళి వస్తాం. ఆ మాట మనింటికి ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచించం. షికారు పారసీక మాట. దాని అసలు అర్థం వేట. నవాబులు వేటకి బయల్దేరితే ఏనుగులు, గుర్రాలు, డేరాలు, వంటవాళ్ళు, బ్యాండు మేళం అన్నీ కదిలేవి. ఆ బయల్దేరడంలో వుండే సంబరం మన తెలుగు మాటలో మిగిలింది. చంపడం జారిపోయింది.

ఈమధ్య ధనవంతుల ఇళ్ళల్లో వినబడే మాట ఇంకొకటి వుంది. సఫారీ. సెలవులకి ఊటీ, కాశ్మీరు అనేవాళ్ళు ఇప్పుడు ఆఫ్రికా సఫారీ అంటున్నారు. అరబ్బీలో సఫర్ అంటే ప్రయాణం. మన హైదరాబాదు ఉర్దూలోనూ అంతే. అరబ్బు వర్తకుల వెంట ఆ మాట ఆఫ్రికా తూర్పు తీరానికి చేరి, అక్కడి స్వాహిలీ భాషలో సఫారీ అయి కూర్చుంది. దక్షిణాఫ్రికాలో సొంత యాజమాన్యం కింద వున్న అడవులు వున్నాయి. వాటిలో ఒక్క రాత్రి బసకి మనిషికి లక్ష రూపాయలు దాటే విడిదులు కూడా వున్నాయి. మెత్తటి పరుపు, వేడినీళ్ళ తొట్టి, పింగాణీ పళ్ళాల్లో భోజనం, తెల్లవారుతూనే జీపులో సింహాల దర్శనం.

"అడవికి వెళ్ళి కూడా ఈ ఆర్భాటమెందుకమ్మా?" అని మనకి అనిపించడం సహజం. కానీ ఈ ఆర్భాటం మన గడ్డకి కొత్తది కాదు. నూటముప్ఫై ఏళ్ళ కిందట, మనం కందిపప్పు తెప్పించుకునే తాండూరులోనే ఇది జరిగింది. దాని చరిత్ర కొంత చెబుతాను.

హైదరాబాదు నుంచి వాడి జంక్షను వైపు వెళ్ళే రైలెక్కితే ముందు వికారాబాదు వస్తుంది, తరవాత తాండూరు. ఈ రైలుమార్గం నిజాం ప్రభుత్వం డబ్బుతో 1874 లో తయారైంది. వాడి దగ్గర బొంబాయి, మద్రాసు లైనుకి కలిసింది. అంతకుముందు రోజుల తరబడి ఎడ్లబండ్ల మీద, పల్లకీల మీద సాగే ప్రయాణం గంటల్లోకి వచ్చింది. వికారాబాదు అనే పేరు పైగా నవాబుల్లో ఒకరైన వికారుల్ ఉమరా పేరు మీద వచ్చింది. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన నవాబు ఆయనే. 1893 నుంచి 1901 దాకా హైదరాబాదుకి ప్రధానమంత్రిగా వున్నారు. వికారాబాదు చుట్టుపక్కల వూళ్ళు పైగా జాగీరులోవి. పక్కనే అనంతగిరి కొండలు. మన మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. అనంతపద్మనాభస్వామి గుడి వుండబట్టి ఆ కొండ మనలో చాలామందికి తెలుసు. ఆ కాలంలో ఇటు తాండూరు దాకా అడవి వుండేది, అడవిలో పులి వుండేది.

రైలు వచ్చాక ఏమైందంటే, రాజధానిలో దిగిన విదేశీ అతిథిని రాజభోగాలేవీ తగ్గకుండా అడవి అంచు దాకా తీసుకెళ్ళడం తేలికైపోయింది. అలా వచ్చిన అతిథుల్లో ఒకడి పేరు ప్రపంచమంతటికీ తెలుసు. ఆస్ట్రియా రాజకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్. 1914 జూన్ 28 న సరాయెవో నగరంలో ఇతన్ని, ఇతని భార్యని కాల్చి చంపితే మొదటి ప్రపంచయుద్ధం రాజుకుంది. పిల్లల చరిత్ర పుస్తకంలో ఈ ముక్క మీరు చదివించే వుంటారు. అదే ఫెర్డినాండ్ 1892 డిసెంబరులో ఓడ ఎక్కి ప్రపంచయాత్రకి బయల్దేరాడు. సింహళం చూసుకుని బొంబాయిలో దిగి, 1893 జనవరిలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి అతిథిగా హైదరాబాదు వచ్చాడు. వేట కోసం తాండూరు వెళ్ళాడు. అప్పటికి అతనికి ఇరవైతొమ్మిదేళ్ళు. తన యాత్రా విశేషాలు దినచర్యగా రాసుకుంటే, తరవాత వియన్నాలో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. మన తాండూరు పేరు ఆ జర్మను పుస్తకంలోకి అలా ఎక్కింది.

ఇతనికి వేట సరదా మాత్రమే కాదు, వ్యసనం. ఏ రోజు ఏ జంతువుని కొట్టిందీ ఖాతా పుస్తకంలో రాయించుకునేవాడు. జీవితమంతా కొట్టినవి కలిపితే పిట్టలతో సహా రెండు లక్షల డెబ్బైనాలుగు వేల పైచిలుకు అని ఆ లెక్కలే చెబుతున్నాయి. మనం పాలవాడి పద్దు రాసుకున్నంత శ్రద్ధగా ఆయన ప్రాణాల పద్దు రాసుకున్నాడు.

ఆతిథ్యమిచ్చిన మహబూబ్ అలీఖాన్ కూడా తక్కువవాడు కాదు. తుపాకీ గురిలో ఆయన్ని మించినవారు లేరనేవారు. ముప్ఫైకి పైగా పులుల్ని కొట్టాడని జనం ఆయనకి తీస్ మార్ ఖాన్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు మనం గొప్పలు పోయే కుర్రాణ్ణి చూసి "వీడో పెద్ద తీస్‌మార్‌ఖాన్" అని వెక్కిరిస్తాం. హైదరాబాదులో ఆ పేరు ఒకప్పుడు రాజుగారిది. ఆయన మీద జనానికి భక్తి కూడా వుండేది. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు చెప్పుకుంటే విషం దిగుతుందని నమ్మేవారు. పశువుల్ని ఎత్తుకుపోయే పులిని రాజు వచ్చి చంపితే ఆ వూరు సంతోషించేది. అది నిజమే. మందలో ఆవు పోతే రైతు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? కాబట్టి వేట అనగానే అంతా క్రూరత్వమని కొట్టిపారెయ్యడానికి లేదు.

అయితే అతిథుల వేట వేరు. ఇది పొలాన్ని కాపాడటానికి కాదు. దాని పద్ధతి చూడండి.

పెద్ద దొర వస్తున్నాడంటే చాలా రోజుల ముందే పని మొదలయ్యేది. అడుగుజాడలు పట్టగల మనుషులు అడవిలో తిరిగి పులి ఏ వాగుకి నీళ్ళకొస్తుందో, ఏ పొదలో పడుకుంటుందో చూసేవారు. అక్కడ ఒక దున్నపోతు దూడని ఎరగా కట్టేవారు. రాత్రి పులి దాన్ని చంపితే, తెల్లారి కబురు శిబిరానికి వెళ్ళేది. పులి కడుపునిండా తిని దగ్గర్లోనే నిద్రపోతుంది కదా. ఒక పక్క చెట్ల మీద దొరలకి మంచెలు కట్టేవారు. మంచె అంటే మనకి తెలుసు. జొన్నచేలో పిట్టల్ని, పందుల్ని అదిలించడానికి రైతు వేసుకునేది. అదే మంచె మీద ఇప్పుడు దిండు, నీళ్ళ సీసా, తుపాకీ పట్టుకునే నౌకరు.

రెండో పక్క నుంచి వందలమంది మనుషులు అర్ధచంద్రాకారంగా నిలబడి, డప్పులు కొడుతూ, కేకలు పెడుతూ అడవిని తోలుకొచ్చేవారు. దీన్ని హాంకా అనేవారు. పులి పక్కదారి పట్టకుండా అక్కడక్కడ చెట్లెక్కి కొమ్మల మీద కర్రతో తట్టేవాళ్ళు కొందరు. నిద్ర చెడిన పులి చప్పుడుకి దూరంగా నడుచుకుంటూ సరిగ్గా మంచె ముందుకి వచ్చేది. దొర గురి తప్పకపోతే ఒక్క గుండుతో సరి. తప్పితే? గాయపడ్డ పులి వెనక్కి తిరుగుతుంది. వెనక వున్నది డప్పు పట్టుకున్న మనిషి. కాళ్ళకి చెప్పులుంటే వుంటాయి, లేకపోతే లేదు. చేతిలో కర్ర. చెట్టుమీదున్న దొరకి ఒక ప్రమాదం, నేలమీదున్న మనిషికి ఒక ప్రమాదం. రెండూ ఒకటి కావు.

ఇంతమంది ఎక్కణ్ణించి వచ్చారు? ఇక్కడే తెలంగాణా చరిత్రలో చేదు ముక్క ఒకటి వుంది. వెట్టి. అధికారి వూరికి వచ్చాడంటే సామాన్లు మొయ్యడానికి, డేరాలు వెయ్యడానికి, కబుర్లు చేరవెయ్యడానికి ఇంటికొక మనిషి చొప్పున వెళ్ళాలి. ముఖ్యంగా మాల మాదిగ కుటుంబాల మీద ఈ బరువు పడేది. కుమ్మరి కుండలు ఇవ్వాలి. చాకలి నీళ్ళు మొయ్యాలి, బట్టలుతకాలి. గొల్లవారు మేకనివ్వాలి. ఆడవాళ్ళకి వడ్లు దంచే పని, పిండి విసిరే పని. ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తున్నా, సొంత చేను కోతకొచ్చి రాలిపోతున్నా సరే. వేటకి వచ్చిన దొరలైనా, పన్ను వసూలుకి వచ్చిన దొరలైనా వూరికి ఒకటే. ఈ వెట్టి మీదనే 1921 లో పుట్టిన ఆంధ్రజన సంఘం వూరూరా ప్రచారం చేసింది. 1930 లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళల సభ కూడా జరిగింది. మన ముందుతరం ఆడవాళ్ళు సభలకెక్కి మాట్లాడటం అలా మొదలైంది.

వేట జరిగినవాళ్ళ జ్ఞాపకాలు మనకి ఎలా మిగిలాయంటే, ఫొటోల వల్ల. ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫరు వుండేవారు. ఘోషా స్త్రీల కోసం 1892 లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించినది కూడా ఆయనే. మగవాళ్ళ కంట పడకుండా మన హైదరాబాదు బేగములు ఫొటో తీయించుకోగలిగారు. అదే దీన్‌దయాళ్ వేట శిబిరాల్లోనూ ఫొటోలు తీశారు. వాటిలో బాగా పేరుపడ్డది 1902 నాటిది. వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గర చచ్చిన పులితో వైస్రాయి కర్జన్ ప్రభువు, ఆయన భార్య మేరీ. ఇప్పటికీ పుస్తకాల్లో ఆ బొమ్మ వేస్తుంటారు.

ఇలాంటి ఫొటోలు ఎప్పుడైనా చూస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. కింద పేర్లు వుంటాయి. దొర పేరు, దొరసాని పేరు, వూరి పేరు. పులికి ఎన్ని అడుగులో కూడా కొన్నిట్లో వుంటుంది. అడవిని తోలినవాళ్ళ పేరు ఒక్కటి వుండదు. ఫెర్డినాండ్ ఖాతా పుస్తకంలో పిట్టలకి లెక్క వుంది. తాండూరులో అతని కోసం నడిచిన మనుషులకి లెక్క లేదు.

మేరీ కర్జన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. 1904 లో ఆవిడ ఖడ్గమృగాల్ని చూద్దామని అస్సాంలోని కాజీరంగా వెళ్ళిందట. ఒక్కటీ కనబడలేదు, గిట్టల గుర్తులు మాత్రం కనబడ్డాయి. ఇంటికి వెళ్ళి భర్తతో వీటినెలాగైనా కాపాడాలని పట్టుబట్టిందని చెబుతారు. 1905 లో ఆ అడవిని కాపాడే ప్రయత్నం మొదలైంది. నెక్కొండలో పులి పక్కన ఫొటో దిగిన ఆవిడే రెండేళ్ళకి ఇంకో జంతువు కోసం అడిగింది. మనుషుల మనసులు మారతాయి అనడానికి ఇదొక ఉదాహరణ.

మనసులు మారేసరికి కొన్ని జంతువులకి ఆలస్యమైపోయింది. దక్కను నవాబులు మచ్చిక చేసిన చీతాల్ని కృష్ణజింకల మీదికి వదిలి వేడుక చూసేవారు. ఆ చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952 లో ప్రకటించారు. డెబ్బై ఏళ్ళ తరవాత, 2022 సెప్టెంబరులో, ఆఫ్రికాలోని నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదలవలసి వచ్చింది. పోగొట్టుకున్న ఇంటి గిన్నెని పొరుగింటి నుంచి అరువు తెచ్చుకున్నట్టయింది.

మన దగ్గర దొరల షికారు రెండు దెబ్బలకి ఆగింది. మొదటిది 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. జాగీరే పోయాక జాగీర్దారు సొంత అడవి అనే మాట పోయింది. అయినా స్వతంత్రం వచ్చిన తరవాత కూడా చాలాకాలం, డాలర్లు తీసుకుని విదేశీయుల్ని పులివేటకి తిప్పే షికారు కంపెనీలు దేశంలో నడిచాయి. రెండో దెబ్బ 1970 లో పడింది. పులిని చంపకూడదని నిషేధం వచ్చింది. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 లో ప్రాజెక్ట్ టైగర్. ఆ 1972 లెక్కలో దేశం మొత్తం మీద తేలిన పులులు 1,827. యాభై ఏళ్ళు కాపాడితే 2022 అంచనాలో 3,682 అయ్యాయి. నిజాం కుటుంబం వేటాడిన వనస్థలిపురం అడవి 1975 లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. ఇప్పుడు మన పిల్లలు అక్కడికి స్కూలు బస్సులో వెళ్ళి జింకల్ని చూసి వస్తున్నారు. తాండూరుకి మాత్రం పులి తిరిగి రాలేదు. ఇవ్వాళ ఆ పేరు చెబితే నాపరాళ్ళు, కందులు. మన వంటింటి గచ్చు మీద పరిచిన బండలు ఆ నేలవే అయివుండవచ్చు.

ఇక ఆఫ్రికా సంగతి. అక్కడా కథ ఇలాగే మొదలైంది. 1909 లో అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకుతో కలిసి తూర్పు ఆఫ్రికా వేటకి వెళ్ళాడు. తండ్రీకొడుకులు కొట్టిన జంతువులు 512. సామాన్లు మోసినవాళ్ళు వందలమంది, తలల మీద మూటలతో. దక్షిణాఫ్రికాలో 1926 లో క్రూగర్ జాతీయ పార్కు ఏర్పడింది. దాని పక్కన సొంత భూములున్న తెల్లవారు 1948 లో సంఘంగా చేరి సాబీ శాండ్ అనే అడవిని నడిపారు. మొదట్లో అవి వేట భూములు. రానురాను తుపాకీ పోయి కెమెరా వచ్చింది. 1993 లో పార్కుకీ ఈ అడవికీ మధ్య వున్న కంచె తీసేశారు. ఇప్పుడు లక్షలు ఖర్చు పెట్టి జనం వెళ్ళే విడిదులు అక్కడివే. జంతువులకి మంచే జరిగింది.

మరి మనుషులకి? క్రూగర్ పార్కు ఉత్తరపు కొసన మకులేకె అనే తెగవారు వుండేవారు. 1969 లో అప్పటి తెల్లవారి ప్రభుత్వం వాళ్ళని అడవి పేరు చెప్పి వూళ్ళతో సహా ఖాళీ చేయించింది. ప్రభుత్వం మారాక వాళ్ళు న్యాయం అడిగారు. 1998 లో భూమి తిరిగి వాళ్ళదైంది. అప్పుడు వాళ్ళేం చేశారో చూడండి. అడవి కొట్టి దున్నుకోలేదు. అడవిని అడవిగానే వుంచి, విడిదులు కట్టేవాళ్ళకి తామే కౌలుకిచ్చారు. అద్దె వాళ్ళకి వస్తుంది, ఉద్యోగాల్లో వాళ్ళ పిల్లలు వున్నారు. జంతువూ బతికింది, మనిషికీ పేరు దక్కింది. ఆఫ్రికా సఫారీల్లో చూడవలసినది సింహమే కాదు, ఈ ఏర్పాటు కూడా.

మన నల్లమలలో అమ్రాబాదు పులుల అభయారణ్యం వుంది. మన్ననూరు దాటాక ఫరహాబాదులో నిజాం నాటి వేట విడిది శిథిలాలు వున్నాయి. ఇప్పుడు జీపు సఫారీ వెళ్ళేది ఆ దారినే. అక్కడ తరతరాలుగా వున్నవారు చెంచులు. ఒకప్పుడు దొరలకి అడుగుజాడలు చూపించిన విద్యతోనే ఇవ్వాళ కొందరు చెంచు యువకులు అటవీశాఖలో కాపలాదారులుగా పులిని కాపాడుతున్నారు. వాళ్ళ పెంటల్ని అడవిలో వుంచాలా, బయటికి తీసుకురావాలా అనే వాదన మాత్రం ఇంకా సాగుతూనే వుంది. మకులేకెల కథ ఆ వాదనలో మనకి పనికివస్తుందని నాకనిపిస్తుంది.

అడవికి వెళ్ళడం మానుకోమని నేను చెప్పను. ఏడాదంతా వంటింట్లో మగ్గేవాళ్ళం, నాలుగు చెట్లు చూస్తే ప్రాణం లేచొస్తుంది. సెలవుల్లో పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. అయితే టిక్కెట్టు కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. మనం ఇచ్చే డబ్బులో ఈ వూరివాళ్ళకి ఎంత వెళుతుంది? బండి తోలేది, దారి చూపేది ఈ వూరివాళ్ళేనా? దారి చూపినతన్ని పేరేమిటి నాయనా అని అడగండి. ఫొటో తీసుకుంటే అతన్ని కూడా మధ్యలో నిలబెట్టండి. ఇంటికొచ్చి ఆ ఫొటో నలుగురికీ పంపేటప్పుడు పిల్లల పేర్లతోపాటు అతని పేరు కూడా రాయండి. తాండూరులో డప్పు కొట్టినవాళ్ళకి ఆ మాత్రం గౌరవం దక్కలేదు.